దుడుకును గడియారంతో కొలవబాకండి

మా నెల్లూరు వైపు ఒక మనిషి సంగతి తేల్చి పారేయాలంటే పెద్దగా మాట్లాడక్కర్లేదు. "వాడు దుడుకబ్బా" అంటే చాలు. ఇంక ఆ మనిషి గురించి అడిగేదీ ఉండదు, వినేదీ ఉండదు. వ్యాపారంలో దెబ్బతిన్నవాడు దుడుకు. ఆస్తి పంపకాల్లో మేనమామ మీద కేసు వేసినవాడు దుడుకు. అత్తారింటి నుంచి చెప్పకుండా వచ్చేసిన పిల్ల మహా దుడుకు. బండి మీద నుంచి పడి కాలు విరిగినవాడి సంగతి సరేసరి, వాడు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచే దుడుకంటారు.

ఈ మాటతో నాకో పేచీ ఉంది. వినేకొద్దీ నాకు అర్థమైందేమంటే, మనం దుడుకు అన్నప్పుడు కొలిచేది వేగాన్ని. గబుక్కున చేసిన పని దుడుకు పని, నాన్చి నాన్చి చేసిన పని ఆలోచించి చేసిన పని. అంతే లెక్క. పది మందిని అడిగి, పంచాంగం చూసి, మూడు నెలలు తిరిగి చేసిన తప్పును ఎవరూ దుడుకు అనరు. "పాపం, ఖర్మ కాలింది" అంటారు. ఒక్క నిమిషంలో చేసిన ఒప్పును మాత్రం దుడుకు అనే అంటారు, అది ఒప్పని తేలేదాకా. తేలాక తెగువ అని పేరు మారుస్తారు.

ముందు మాట సంగతి చూద్దాం. దుడుకు ఇంటి మాట. పేపర్లోకి ఎక్కేసరికి దానికి ముందొక 'దుం' తగిలి దుందుడుకు అవుతుంది. ఇంట్లో చంటోడిది దుడుకు, సరిహద్దు అవతలి దేశానిది దుందుడుకు. దురుసు దీనికి చుట్టమే గానీ అది ఎక్కువగా నోటికి సంబంధించింది. దుడుకు చేతికి, కాలికి సంబంధించింది. దూకుడు అదృష్టం మాత్రం బాగా పండింది. మా ఇంట్లో పెద్దవాళ్లు దాన్నీ తిట్టుగానే వాడేవాళ్లు. ఇప్పుడు ఆటల పేజీ తీస్తే బ్యాటింగ్‌లో దూకుడు, రాజకీయాల పేజీ తీస్తే ప్రచారంలో దూకుడు, అన్నీ మెచ్చుకోళ్లే. అదే పేపర్లో జిల్లా పేజీకొచ్చి చూడండి, బండి నడిపిన కుర్రాడి దూకుడు మళ్లీ నేరమైపోతుంది. తెగువ, తెంపరితనం కూడా అట్లాంటి జంటే. రెండింటి వేరూ 'తెగు'లోనే ఉంది. ఒకటి సన్మాన పత్రంలో రాస్తారు, ఇంకోటి పంచాయితీలో అంటారు. సాహసం కథ ఇంకా తమాషా. పాత ధర్మశాస్త్రాల్లో సాహసమంటే బలం చూసుకుని బాహాటంగా చేసే నేరం. దానికి దండనలు రాసి పెట్టారు. ఇప్పుడు సాహస బాలలకు బహుమతులిస్తున్నాం.

ఈ మాటను అందరికంటే గొప్పగా వాడినాయన త్యాగరాజు. ఆయన పుట్టింది, పెరిగింది తమిళదేశంలోనే గానీ, కాకర్ల అన్న ఇంటిపేరు మన కంభం దగ్గరి కాకర్ల ఊరి నుంచే వచ్చిందని చెబుతారు. కాబట్టి మనవాడని చెప్పుకునే హక్కు కొంచెం ఉంది. పంచరత్నాల్లో రెండోది, గౌళ రాగంలో ఉన్నది, "దుడుకుగల నన్నే" అనే మొదలవుతుంది. ఇంత దుడుకున్న నన్ను ఏ దొర కొడుకు కాపాడతాడని అడుగుతాడు. ఆ దుడుకు ఎట్లాంటిదో వెంటనే చెబుతాడు: గడియ గడియకు నిండింది అంటాడు. అంటే ఒక్కసారి ఆవేశపడి చేసిన పని సంగతి కాదది. పొద్దున లేచింది మొదలు, తెలిసి తెలిసీ, తాపీగా, రోజూ పోగేసుకున్నది. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆయన ఆ మాట తననే అనుకున్నాడు. మనం పక్కింటివాణ్ణి అంటున్నాం.

అసలు తొందర విషయంలో తెలుగువాడికి ఒక మాట మీద నిలబడే అలవాటే లేదు. నిదానమే ప్రధానం అంటాడు. ఆ నోటితోనే ఆలస్యం అమృతం విషం అంటాడు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటాడు, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటాడు. పెళ్లి సంబంధం నచ్చితే శుభస్య శీఘ్రం, నచ్చకపోతే తొందరేముంది. సామెతలు రెండు వైపులా ఉన్నాయంటే తప్పు సామెతలది కాదు. ఎప్పుడు ఏది వాడాలో తేల్చేది ఆ పని వేగం కాదని వాటికే తెలుసు. మనకే తెలియదు.

ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, ఇటు ముత్తుకూరు దాకా సముద్రం పక్కన కయ్యలు రొయ్యల గుంటలైన కాలం అందరికీ తెలిసిందే. 1990ల మొదట్లో టైగర్ రొయ్య మీద జనం ఎట్లా ఎగబడ్డారో, 1994, 95ల్లో తెల్లమచ్చ జబ్బు వచ్చి ఎట్లా మునిగారో మా ఊళ్లో కథలు కథలుగా చెబుతారు. ఆ తర్వాత 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చింది. 2009లో వనామి రకానికి అనుమతి వచ్చాక మళ్లీ గుంటలు నిండాయి. మా చిన్నాయన ఆ రెండో విడతలో దిగినవాడు. నేను చెప్పబోయేది ఆయన గుంట మీద చూసింది.

రొయ్యల గుంటలో జబ్బు చెప్పి రాదు. ముందు చెక్ ట్రేలో, అంటే మేత తిన్నాయో లేదో చూసేందుకు గుంటలో దించే పళ్లెంలో తెలుస్తుంది. వేసిన మేత రోజూ ఖాళీ అయ్యేది, ఆ రోజు సగం అట్లాగే ఉంటుంది. మబ్బేమో, నీళ్లు మారాయేమో అనుకుంటాం. సాయంత్రానికి గట్టు వారన ఒకటి రెండు రొయ్యలు బద్ధకంగా తేలతాయి. ఆ రాత్రి చిన్నాయన టార్చి తీసుకుని గట్టు చుట్టూ తిరిగాడు. వారగా ఉన్న ఒక రొయ్యను చేత్తోనే పట్టేశాడు. బాగున్న రొయ్య చేతికి దొరకదు, అదే మొదటి ప్రమాద సూచన. ఒంట్లో ఎర్రజీర. తల మీది పెంకు గోటితో ఊడదీసి, నీళ్లలో కడిగి, టార్చి వెలుతురుకు అడ్డం పెట్టాడు. పెంకు లోపలి వైపు సన్నటి తెల్ల చుక్కలు, ముగ్గుపిండి చిలకరించినట్టు. ఆ జబ్బు పట్టుకుంటే గుంటంతా తుడిచిపెట్టుకుపోవడానికి మూడు రోజులూ పట్టొచ్చు, వారం పది రోజులూ పట్టొచ్చు. మందు లేదు.

రొయ్య అప్పటికి వంద కౌంట్‌కు కూడా రాలేదు. అంటే కిలోకు వందకు పైనే తూగుతాయి. ఇంకో నెల ఆగితే మంచి రేటు. అప్పుడు పట్టేస్తే మేత ఖర్చు కూడా పూర్తిగా రాదు. చిన్నాయన గట్టు మీద నిలబడి ఎంతోసేపు ఆలోచించలేదు. ఫోను తీసి వల లాగే బ్యాచ్‌కు చేశాడు, ఐస్ బండికి చేశాడు. మా నాన్న పక్కనే ఉన్నాడు.

"ఒరే అబ్బయ్యా, దుడుకు పడబాక. తెల్లారనీ. టెక్నీషియన్ వొచ్చి చూస్తాడు."

"తెల్లారితే చూసేదానికి ఏముంటది అన్నా, తట్టలకెత్తి పారబోసేదే."

పొద్దు పొడవకముందే వల పడింది. పెట్టిన డబ్బులో సగానికి పైనే వెనక్కొచ్చింది. తర్వాత ఆయన నీళ్లు బయటికి వదల్లేదు. తూము బిగించి, గుంటలోనే బ్లీచింగ్ కొట్టించి, కాకులు వాలకుండా మనిషిని కాపలా పెట్టాడు. కాకి ఒక గుంటలో జబ్బు రొయ్యను ఎత్తుకుపోయి ఇంకో గుంటలో పడేస్తే చాలు, అంటుకుంటుంది. ఊళ్లో మాత్రం ఆ వారమంతా ఒకటే మాట: నెల ఆగలేకపోయాడు, దుడుకు మనిషి.

ఇప్పుడు పక్క గుంట ఆసామి సంగతి వినండి. పేరు వద్దు. ఆయన నిదానస్తుడు. ఊరంతా ఒప్పుకున్న నిదానస్తుడు. ఆయన గుంటలోనూ రెండు రోజులకు అవే చుక్కలు కనిపించాయి. ఆయన కంగారు పడలేదు. టెక్నీషియన్‌ను పిలిపించాడు, ఏజెంట్‌తో మాట్లాడాడు, బామ్మర్దిని సలహా అడిగాడు. మూడో రోజుకు రొయ్య అడుగున పడిపోయింది. అప్పుడు కూడా ఆవేశపడలేదు. చీకటి పడేదాకా ఆగి, తూము తీసి, ఆ నీళ్లన్నీ కాలువలోకి వదిలేశాడు. ఆ కాలువలో నుంచే కింద ఉన్నవాళ్లందరూ మోటార్లతో నీళ్లు తోడుకునేది. కింద ఎన్ని గుంటలు పోయాయో చెప్పుకుంటే ఇప్పటికీ గొడవలే. ఆయన్ని జనం రకరకాలుగా తిట్టారు గానీ, దుడుకు అని ఒక్కరు కూడా అనలేదు. ఎట్లా అంటారు, ఆయన నిమ్మళంగా చేశాడు కదా.

ఆ ఇద్దరిలో దుడుకు ఎవరిదని నన్నడిగితే ఒక్క క్షణం కూడా తడుముకోను.

కోర్టువాళ్లు ఈ సంగతిని ఏనాడో తేల్చారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1872లో మద్రాసు హైకోర్టులో నిడమర్తి నాగభూషణం కేసు అని ఒకటి ఉంది. అప్పట్లో మన జిల్లా కూడా ఆ కోర్టు కిందే. దుడుకుతనానికీ నిర్లక్ష్యానికీ తేడా ఏమిటో అందులో జడ్జి హాలోవే విడమర్చి చెప్పాడు. తర్వాతి కాలంలో మన కోర్టులు దాన్ని మళ్లీ మళ్లీ ఎత్తి చూపాయి. ఆయన చెప్పినదాన్ని మన భాషలో పెడితే ఇంత: ఈ పని వల్ల చెడు జరగొచ్చని మనిషికి తెలుసు, అయినా జరగదులే అన్న ఆశతో చేస్తాడు, అది దుడుకు. జరగొచ్చన్న ఎరుకే లేకుండా, తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోకుండా చేస్తే అది నిర్లక్ష్యం. ఇందులో ఎక్కడా గడియారం లేదు చూడండి. ఎంతసేపట్లో చేశావని అడగలేదు. తెలిసి చేశావా, జరగదులే అనుకున్నావా అని మాత్రమే అడిగారు.

జరగదులే అన్నదాన్ని మనం 'ఏం కాదులే' అంటాం. నా వరకు దుడుకుకు గుర్తు ఆ మాటే. కంగారు, కోపం, పరుగు ఇవేవీ గుర్తులు కావు. పక్క గుంట ఆసామి తూము తీసేటప్పుడు మనసులో ఆ మాటే అనుకుని ఉంటాడు. మా చిన్నాయన అనుకున్నది దానికి పూర్తిగా తిరగేసి: ఏదో అవుతుంది, అయ్యేలోపు తీసేయాలి.

ఏం కాదులే అన్న మాటను ఏళ్ల తరబడి కూడా అనుకోవచ్చు. కొండపి, టంగుటూరు, కందుకూరు, పొదిలి వైపు వెళ్తే పొగాకు బ్యారన్లు, అంటే ఆకును వేడి మీద ఆరబెట్టే కొట్లు కనిపిస్తాయి. పొగాకు వేయాలంటే ఉన్నపళంగా వేసేదేమీ ఉండదు. పొగాకు బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్, బ్యారన్‌కు ఇంతని అనుమతించిన పంట, కౌలు మాట్లాడుకోవడం, నారు, పుల్లలు, కూలీల అడ్వాన్సు, అన్నీ నెలల ముందు నుంచీ జరిగే పనులు. పోయినేడు రేటు పలికితే ఈ ఏడు అందరూ అనుమతికి మించి వేస్తారు. ఒక్కడు వేస్తే ఏం కాదు. అందరూ అదే అనుకుంటారు కాబట్టి అందరికీ అవుతుంది. వేలంకేంద్రంలో బేళ్లు బారులు తీరతాయి, బయ్యర్లు మొహం చాటేస్తారు, నో బిడ్ అంటారు, బేలు మళ్లీ ఇంటికి మోసుకొచ్చుకోవాలి. 2000వ సంవత్సరంలో పేరుకుపోయిన పొగాకు అమ్ముడుపోక రాష్ట్రంలో ఒక పంటకాలం మొత్తానికి సెలవు ప్రకటించాల్సి వచ్చింది. రైతును తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. కొనేవాళ్లు ఎక్కువ పంట వస్తే చౌకగా దొరుకుతుందని చూస్తుంటారు, అప్పులిచ్చేవాళ్లు చూస్తుంటారు. వాళ్ల ఏం కాదులేకు లెక్క వేరు, వాళ్లకు నిజంగానే ఏమీ కాదు. నేను చెప్పేదల్లా, ఇంత పెద్ద దుడుకు ఇంత నెమ్మదిగా, సంతకాలతో, రసీదులతో జరుగుతుందని.

ఇంకో సంగతి ఉంది, అదే నన్ను ఎక్కువ బాధపెట్టేది. దుడుకు అన్న మాట పడ్డాక ప్రశ్నలు ఆగిపోతాయి. నాకు బావ వరసయ్యే మేనత్త కొడుకు ఒకాయన కావలి దాటాక పదహారో నంబరు హైవే మీద రాత్రి పూట పోయాడు. రోడ్డు మార్జిన్లో, సగం రోడ్డు మీదికే, లారీ ఆపి ఉంది. వెనక లైటు లేదు. ఎర్రటి రేకు బిళ్ల కూడా లేదు. అడ్డంగా ఒక చెట్టుకొమ్మ పెట్టి ఉంటే కూడా బతికేవాడు. మా బావ హెల్మెట్ లేకుండా పాల పాకెట్‌కు కూడా బండి తీసేవాడు కాదు. నాలుగు కిలోమీటర్ల దూరానికి గంట ముందు బయల్దేరతాడని ఇంట్లో అందరం ఎగతాళి చేసేవాళ్లం.

శవం ఇంటికి రాకముందే అరుగు మీద ఒకాయన అన్నాడు: "బండెక్కితే దుడుకే గదా." ఆయనకు మా బావ మొహం కూడా సరిగా తెలియదు. అయినా చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. పెద్దకర్మ నాటికి ఆ మాట మా బంధువుల నోట్లోకి కూడా వచ్చేసింది. కాగితాల మీద ఉండే మాట మనకు తెలిసిందే, 'అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి'. అన్ని కేసుల్లోనూ అదే, అచ్చు వేసి పెట్టుకున్నట్టు. లారీకి లైటెందుకు లేదు, అక్కడెందుకు ఆపారు, ఎంతసేపటి నుంచి ఉంది, ఆ రోడ్డు మీద తిరిగే బండ్లెవరూ ఎందుకు చూడలేదు అని అడిగిన మా మేనత్తను జనం జాలిగా చూశారు. కొడుకు పోయిన దుఃఖంలో ఏదో మాట్లాడుతోందనుకున్నారు. ఆ రాత్రి అసలైన దుడుకు పని చేసింది లారీని అక్కడ నిలబెట్టి, క్యాబిన్లో పడుకున్న మనిషి. లైటు బాగు చేయించకుండా నెలల తరబడి తిప్పిన యజమాని అంతకన్నా దుడుకు. వాళ్లిద్దరూ కదలకుండా ఉన్నారు కాబట్టి మన నిఘంటువులో వాళ్లకు ఆ మాట అంటదు.

చనిపోయినవాణ్ణి దుడుకు అనడంలో బతికున్నవాళ్లకు ఒక ధైర్యం కూడా దొరుకుతుందనుకుంటాను. వాడు దుడుకు, నేను కాను, కాబట్టి నాకు ఏం కాదు. మళ్లీ అదే మాట.

నెల్లూరివాళ్లకు ఖడ్గతిక్కన కథ చెప్పడమంటే పెన్నకు నీళ్లు పోసినట్టే, కానీ దాన్ని ఈ వైపు నుంచి ఒకసారి చూడాలి. పదమూడో శతాబ్దం. నెల్లూరు రాజు మనుమసిద్ధి. పశువులను మేపుకోవడానికి వచ్చిన కాటమరాజుకూ రాజుకూ పుల్లరి దగ్గర తగువు వచ్చింది. మాట మాట పెరిగి పాలేటి ఒడ్డున యుద్ధమైంది. కవి తిక్కనకు దాయాది అయిన ఖడ్గతిక్కన సేనను నడిపాడు. ఓడిపోయి ఇంటికి వచ్చాడు. భార్య చానమ్మ స్నానానికి నీళ్లు పెట్టి, ఆడవాళ్లకు పెట్టినట్టు నులకమంచం అడ్డం పెట్టి పసుపు ముద్ద ఉంచింది. ఇదేమిటని అడిగితే, ఇప్పుడు ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లం అయ్యాం కదా అంది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించింది. యుద్ధంలో నువ్వూ విరిగావు, మేతకెళ్లిన పశువులూ విరిగాయి, పాలూ విరిగాయి అంది. ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్లి, యుద్ధం చేసి, చచ్చిపోయాడు.

చిన్నప్పుడు బళ్లో ఇది వీరగాథ అని చెప్పారు. పెద్దయ్యాక కొందరు మిత్రులు, ఇదంతా దుడుకు, మాట పడలేక ప్రాణం తీసుకోవడమేమిటి అన్నారు. నాకు రెండూ నచ్చవు. తిక్కన వెళ్తే చస్తానని తెలిసే వెళ్లాడు, అందులో ఏం కాదులే లేదు. తనకు ఏమవుతుందో పూర్తిగా తెలిసి వెళ్లినవాణ్ణి దుడుకు అనడానికి నాకు నోరు రాదు. తెలివైన పని అనడానికీ రాదు. విరిగిన పాలు వడ్డించిన తల్లి మాట మాత్రం దుడుకు మాటే, దానికి ఆమె ఎంత ఏడ్చిందో కథ చెప్పదు. అయితే అందరికంటే పెద్ద దుడుకు అసలు కథలో ఎవరూ వేలెత్తి చూపని చోట ఉంది. గడ్డి మీద పన్ను కోసం సేనను పంపిన కొలువులో ఉంది. అక్కడ ఎవరూ అరవలేదు. కూర్చుని మాట్లాడుకుని, ఇంకొకరి ఇంటి మగాళ్ల ప్రాణాలను లెక్కలో రాసి పంపారు. గెలుస్తాంలే, ఏం కాదులే అనుకుని ఉంటారు.

అక్కడ నాకు ఇంకో కొలబద్ద దొరికింది. తెగించినవాడు పందెంలో పెట్టింది ఎవరిది? తనదా, పక్కవాడిదా? చిన్నాయన తన డబ్బు పోగొట్టుకోవడానికి ఒప్పుకుని వల వేయించాడు. పక్క ఆసామి కింద గుంటలవాళ్ల డబ్బును పందెం పెట్టి తూము తీశాడు.

ఆడవాళ్ల విషయానికొస్తే దుడుకు అన్న మాట ఇంకా చవకైపోతుంది. 1990ల మొదట్లో మన జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు రాత్రి బడుల్లో చదువుకున్న ఆడవాళ్లు సారా మీద పాఠం చదివి, అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టారు. కలిగిరి వైపు దూబగుంటలో మొదలైన ఆ కదలిక 1992కల్లా జిల్లా అంతా అంటుకుంది. దూబగుంట రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. సారా పాకెట్లు తెచ్చే బండ్లను ఊళ్లోకి రానివ్వలేదు. అంగళ్లు మూయించారు. వేలంపాటలు జరగనివ్వలేదు. అప్పుడు మా ఇంటి అరుగు మీద వినిపించిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: ఆడవాళ్లకు ఇంత దుడుకేంది, కాంట్రాక్టర్లు ఊరుకుంటారా, మొగుళ్లు ఊరుకుంటారా అని. ఊరుకోలేదు కూడా. తన్నులు తిన్నవాళ్లున్నారు, కేసులు మీదపడ్డవాళ్లున్నారు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో సారా ఆగింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోవడం వేరే కథ.

ఆ ఆడవాళ్ల పనిలో తొందర ఎక్కడుంది? ఇరవై ఏళ్లు తన్నులు తిని, కూలి డబ్బులు సారా అంగడికి పోతుంటే చూసి చూసి, ఒకరోజు కర్ర పట్టుకున్నారు. మనకు కనిపించింది ఆ ఒక్క రోజే. కనిపించని ఇరవై ఏళ్లను లెక్కలో వేసుకోకుండా దుడుకు అనేశాం. ఏటేటా వేలంపాట పెట్టి, ఎవరి ఇల్లు ఎట్లా కూలుతుందో తెలిసీ ఖజానాకు వచ్చే డబ్బు చూసుకుని, ఫైళ్ల మీద తీరుబడిగా సంతకాలు చేసినవాళ్లను పాలకులు అన్నాం. అత్తారింటి నుంచి రాత్రికి రాత్రి వచ్చేసిన పిల్ల విషయంలోనూ అంతే. ఆ రాత్రి ఒక్కటే మనకు తెలుసు. తెలిసినంత మేరకే తీర్పు చెప్పేస్తాం.

అట్లాగని నా లెక్క అన్నిచోట్లా సాఫీగా నడుస్తుందని అనను. ప్రకాశం పంతులు దగ్గర అది ఇరుక్కుంటుంది. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో, చిత్రంగా మద్రాసు హైకోర్టులో ఆ కేసు తేలిన 1872లోనే పుట్టినాయన. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వస్తే పోలీసులు కాల్చారు, ఒకరు చనిపోయారు. ఆ మనిషిని చూడాలని పంతులు ముందుకు వెళ్తే తుపాకులు అడ్డం పెట్టారు. చొక్కా విప్పి గుండె చూపించాడు. అక్కడ ఏం కాదులే లేదు, పందెంలో పెట్టింది తన గుండె. నా రెండు కొలబద్దలూ దానికి తెగువ అనే పేరు పెడతాయి. అందరూ అదే పేరు పెట్టారు, ఆంధ్రకేసరి అన్నారు.

కానీ అంతకు ఏడేళ్ల ముందు, 1921లో, ఆయన వేలకు వేలు సంపాదించే బారిస్టరు ప్రాక్టీసు వదిలేసి మద్రాసులో స్వరాజ్య పత్రిక పెట్టాడు. ఇంగ్లీషులో, తెలుగులో, తమిళంలో. సంపాదించిందంతా అందులో పోశాడు. పత్రిక నిలబడలేదు, ఆస్తి మిగల్లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయినవాడు, 1957లో పోయేనాటికి చేతిలో చిల్లిగవ్వ లేని మనిషి. ఇది ఎంతో నిదానంగా, ఏళ్ల తరబడి, దేశం కోసం తెలిసి చేసిన పని. దాని గొప్పతనాన్ని తక్కువ చేసే ధైర్యం నాకు లేదు. కానీ ఆ ఆస్తి మీద భార్యాబిడ్డల బతుకు కూడా ఆధారపడి ఉంది. పత్రిక నిలబడుతుందిలే, డబ్బు ఎట్లాగో వస్తుందిలే అన్న ఆశ ఉంది. నా కొలబద్దలు నావి కాబట్టి వాటికి కట్టుబడి చెబుతున్నాను: చొక్కా విప్పింది తెగువ, స్వరాజ్య మీద ఉన్నదంతా పోసింది దుడుకు. ఒంగోలులో నాకు మిత్రులు చాలామందే ఉన్నారు. ఈ ముక్క చదివి వాళ్లు నా మీదికి తగాదాకు వస్తారు. రానీండి, వాళ్ల వాదన కూడా విందాం.